గంజి తాగిన గొంగడి

1

సత్తవ్వ వదిన గొంగడి జానెడు పెరిగింది. ఈసారి నేనేమీ చేయలేదు.

ఈ మాట ముందే రాసి పెట్టుకోవడం మంచిది. దిగువసీమ సరిహద్దున ఉన్న ఈ ఎల్లచౌకీలో ఏ వింత జరిగినా అందరి చూపూ మొదట నా మీదికే వస్తుంది. జమేదారు మంచం కోటికి పొట్టేలును కట్టేసింది నేనే, కాదనను. మగ్గాల సంఘం పెద్దలు వచ్చిన రోజున వాళ్ల కుర్చీలకు చింతగంజి పూసిందీ నేనే. సర్కారు పాటకు వాళ్లు లేచి నిలబడితే కుర్చీలు కూడా లేచి నిలబడ్డాయి. కానీ గొంగడిని పెంచే విద్య నాకు రాదు. వస్తే ఈ పొయ్యి దగ్గర ఎందుకు కూర్చుంటాను.

నా పని గంజి కాయడం. మా మెట్టసీమలో ప్రతి గొంగడీ ఏడాదికొకసారి ఇక్కడికి రావాలి. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, జిగురు వచ్చేదాకా కాస్తాను. గొంగడిని రెండు గుంజల మధ్య బిగదీసి కుంచెతో పట్టిస్తాను. ఆరాక మూలన సర్కారు ముద్ర. గంజి పట్టిన గొంగడిలోకి మంచు దిగదు, గాలి దూరదు. ముద్ర లేని గొంగడి కప్పుకుంటే జరిమానా. గొంగడి కాకుండా మరొకటి కప్పుకుంటే ఏమవుతుందో తర్వాత రాస్తాను.

సత్తవ్వ మా అన్న పెళ్లాం. అన్న పోయి చాలా కాలమైంది. మొన్న ఆమె గొంగడికి గంజి పెట్టి పంపాను. ముద్ర అలుక్కుపోయిందని ఇవాళ మళ్లీ తెచ్చింది. గుంజలు సర్కారు కొలతకు పాతినవి. మొన్న డప్పు తోలులా బిగిసిన గొంగడి ఇవాళ అదే గుంజల మధ్య ఉయ్యాలలా వేలాడింది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని లాగాం. ఇంకా వేలాడింది.

నేను నవ్వాను. వదిన నవ్వలేదు. నవ్వకపోవడమే నాకు అనుమానం తెప్పించింది. మామూలుగా నా కంటే ముందు నవ్వేది ఆమె.

2

ఇవాళ పొద్దున్నే వదిన దొడ్డికి వెళ్లాను. గొర్రెలకు ఆకు వేస్తోంది. గొంగడి కొస చేతిలోకి తీసుకుని గోటితో గీరాను. పైన నల్లటి ఉన్ని, కింద మరో నల్లటి ఉన్ని. రెండింటి మధ్యలోకి గోరు వెన్నలోకి దిగినట్టు దిగింది. బయటికి తీస్తే తెల్లటి పీచు.

"వదినే, గిది గొర్రెది కాదు గదా."

"మెల్లగ మాట్లాడవే. పొట్టేళ్లకు గూడ చెవులుంటయ్."

ఆ తర్వాత జుట్టు పక్కకు తీసి మెడ చూపించింది. చెవి కింది నుంచి భుజం దాకా చర్మం ఒలిచిన కందగడ్డలా ఉంది. చిన్నప్పటి నుంచీ ఉన్ని ఆమె ఒంటికి పడదట. గొర్రెల్లో పుట్టి, గొర్రెల్లోకే కోడలిగా వచ్చి, పగలూ రాత్రీ గొంగడి కప్పుకుని, ఇన్నేళ్లుగా ఒక్కరికీ చెప్పలేదు. చెబితే గొర్రెలకు చెడ్డపేరు వస్తుందనుకుందట. ఈ ఏడు పుండ్లు చీము పట్టాయి. దాంతో రెండు ఉన్ని పొరల మధ్య బూజుగుడ్డ పెట్టి, మెడకు తగిలేచోట లోపలిది కొంచెం బయటికి మడిచి కుట్టుకుంది.

బూజుగుడ్డ దిగువసీమ సరుకు. వాళ్లు గాబుల్లో బూజును పెంచి, అట్టుల్లా తీసి, ఆరబెట్టి గుడ్డ చేస్తారు. తేలిక, వెచ్చన, బీదవాడికి కూడా అందే ధర. ఆకాశానికి బూడిద ముసుగు కమ్మి పత్తి చచ్చిపోయాక వాళ్లకు అదే బట్ట, మనకు గొర్రే బట్ట. ఒకప్పుడు ఎల్ల దారికి అడ్డంగా వేసిన ఈ చౌకీ గుంజ పైకి లేచే ఉండేది. బూజుగుడ్డ బండ్లకొద్దీ వచ్చింది. గొంగడి అడిగేవాడు లేడు. మగ్గం గుంటల్లో కోళ్లు పొదిగాయి, మందలు కూరకుండల్లోకి పోయాయి. అప్పుడు జనం రాజధాని దాకా నడిచి ఉన్ని రక్షణ చట్టం తెచ్చుకున్నారు. ఆ నడకలో అందరికంటే ముందు నడిచి, గొంతు పోయేలా అరిచింది ఎవరనుకున్నారు. మా సత్తవ్వ వదినే.

చట్టం చిన్నది. బూజుగుడ్డ సీమలోకి తెచ్చినవాళ్లు పట్టుబడితే వాళ్ల మంద మొత్తం సర్కారు దొడ్డికి పోతుంది.

వదినకు పిల్లలు లేరు, పొలం లేదు. ఉన్నది మందే. ప్రతి గొర్రెనూ పేరు పెట్టి పిలుస్తుంది, తప్పు చేస్తే దాని తల్లిని కూడా కలిపి తిడుతుంది.

"కొంటవోతె నేనేం జెయ్యాలె అయిలవ్వా. మనుషుల నడుమ బతికే విద్య నాకు రాదు," అంది.  ఆమె చేతిలోని ఆకు సగం తీసుకుని నేను కూడా గొర్రెలకు వేశాను.

3

నేను ఏడో తరగతి దాకా చదివాను. ఎనిమిదిలో పంతులు ప్రతిదానికీ ఎందుకని అడగొద్దన్నాడు. సరే అని బడి మానేశాను, అడగడం మానలేదు.

వదిన గొంగడి లోపలి నుంచి అరచేయంత బూజుగుడ్డ కత్తిరించి తెచ్చి నాలుగు ముక్కలు చేశాను. ఒకటి నీళ్లలో, ఒకటి మజ్జిగలో, ఒకటి ఉప్పునీళ్లలో, ఒకటి చింతగంజిలో వేశాను. సాయంత్రానికి నీళ్లలోది అలాగే ఉంది. మజ్జిగలోది అలిగిన పెళ్లికూతురిలా ముడుచుకుంది. ఉప్పునీళ్లలోది ఎండుటాకులా నల్లబడి చచ్చింది. గంజి గిన్నెలో గంజి లేదు. గిన్నె నిండా గుడ్డే ఉంది.

బతికున్న గుడ్డ. రుచి తెలిసిన గుడ్డ.

దాన్ని పొయ్యి పక్కన పెడితే పొయ్యి వైపు పాకింది. పొయ్యి ఆర్పి నా చేయి పెట్టాను. గిన్నె అంచు దాటి, దూడ మూతి ఆనించినట్టు నా వేళ్లకు వచ్చి ఆనింది. కరవలేదు, అంటుకోలేదు, వెచ్చగా ఊరికే ఉంది. దానికి కావలసింది కాస్త గంజి, కాస్త వెచ్చదనం. నా మొగుడికి కూడా ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

 ఆ తర్వాత మూలనున్న కుంచె వైపు చూశాను.  వదిన గొంగడికి గంజి పెట్టిన కుంచెతోనే ఊరందరి గొంగళ్లకూ పెట్టాను. కాగు కూడా అదే.

5

నాలుగో రాత లేదు. ఆ రోజంతా ఊరిమీద గొంగళ్లు చూసుకుంటూ తిరిగాను, రాయడానికి తీరలేదు.

అన్నీ పెరుగుతున్నాయి. నిన్న పిక్కల దాకా ఉన్నవి ఇవాళ మడమలు దాటాయి. బడిపిల్లలు ఒక గొంగడిలో ఇద్దరు దూరి నాలుగు కాళ్ల జంతువులా నడుస్తున్నారు. ఒక పెళ్లిలో వరుడి గొంగడి వెనక బారెడు ఈడ్చుకుపోతుంటే దాని మీద కోడిపెట్ట సవారీ చేసింది. నేను ఎక్కించలేదు, అదే ఎక్కింది.

వింతేమిటంటే ఎవరూ తిట్టడం లేదు. చిరుగులు వాటంతటవే పూడుకుంటున్నాయట. ఇంతకు ముందు కంటే వెచ్చగా ఉందట. లోపలి వైపు గరుకు పోయిందట. సర్కారు గంజిలో ఈసారి ఏదో మంచి సరుకు కలిపిందని ఒకాయన నాకే చెప్పాడు. నేను కలిపిన దాన్ని నా ముందే పొగిడితే వింటూ నిలబడ్డాను.

తిట్టింది మగ్గాల సంఘం పెద్ద ఒక్కడే. ఆయన తిట్టడంలో న్యాయం ఉంది. చిరగని గొంగడి, పొట్టికాని గొంగడి ఉంటే కొత్తది నేయించుకునేది ఎవరు. ఈ వారం ఏ మగ్గానికీ ఒక్క గొంగడి పని రాలేదు. కోళ్లు మళ్లీ గుంటల అంచుకు వచ్చి లోపలికి తొంగి చూస్తున్నాయన్నాడు. రాజధానికి కబురు పంపానని కూడా అన్నాడు. పంపేముందు నా కుర్చీ గంజి సంగతి గుర్తు చేసుకున్నట్టున్నాడు, నా పేరు కూడా చేర్చాడు.

6

ఉప్పు తెచ్చే హుసేనప్ప ఇవాళ గాడిదలతో వచ్చాడు. దిగువసీమ మనిషి. ఆ సీమ సరుకుల్లో ఉప్పుకూ చింతగింజలకూ మాత్రం ఎల్ల దాటే అనుమతి ఉంది. అవును, మన ఉన్నిని కాపాడే గంజికి గింజలు దిగువనుంచే రావాలి. చట్టం రాసిన వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదనుకుంటాను, నేను కూడా చెప్పను.

ఇక్కడ గడ్డి అయిపోయాక వదిన మంద ఏటా గుంజ దాటి దిగువకు దిగుతుంది. హుసేనప్ప ఊరి బీళ్లలో మేస్తుంది. వదినకు గుడ్డ ఇచ్చింది హుసేనప్ప తల్లేనట. వదిన మెడ చూసి జాలిపడి ఇచ్చిందట. గిన్నెలో గుడ్డను చూపించగానే అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఇది ఆవిరి పట్టని గుడ్డక్కా. అమ్మే గుడ్డకు ఆవిరి పట్టి చంపుతారు. ఇది ఇంట్లోకి చేసుకున్నది, బతికే ఉండాది. మా దగ్గర పస్తు పెడతాం కాబట్టి పెరగదు. మీరు దీనికి గంజి పోసినారా?"

పోశాను. ఊరంతటికీ పోశాను.

అది ఒంటిని తింటుందా అని అడిగాను. తోలు తినదట. చెమటలో ఉండే జిడ్డు మాత్రం ఇష్టమట. చంటిపిల్లలను కూడా వాళ్లు దాంట్లోనే చుడతారట.

7

ఉన్ని తనిఖీ అధికారి వచ్చాడు. పేరు మృత్యుంజయం. సన్నగా, పొడుగ్గా, చేతిలో దీపం పెట్టెతో వచ్చాడు. అమ్మా అంటాడు, మీరు అంటాడు, చెప్పుల మట్టి బయటే దులుపుకుంటాడు. ఇలాంటి వాళ్లను ఏడిపించడం కష్టం.

"మీ గురించి దారిలోనే చెప్పారమ్మా. రెండు ఊళ్లలో," అన్నాడు.

మూడో ఊరు ఎందుకు వదిలేసిందో అడుగుదామనుకుని ఊరుకున్నాను.

ఒక గొంగడి అంచు నుంచి పోగు లాగి దీపంలో పెట్టాడు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన రావాలి. వచ్చింది. దానితోపాటు పుట్టగొడుగుల కూర వాసన కూడా వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని మళ్లీ పీల్చాడు. నేను కూడా పీల్చాను. ఇద్దరికీ ఆకలి వేసింది.

మనిషి తెలివైనవాడు. గంజి పొయ్యి దగ్గర నిలబడి, కుంచెను చూసి, కాగును చూసి, ఊరంతటికీ ఎలా అంటిందో నేను చెప్పకుండానే తెలుసుకున్నాడు. ఇక మొదట ఎవరి గొంగడి నుంచి వచ్చిందో తేలాలి. అందరికంటే ముందు అంటిన గొంగడి అందరికంటే ఎక్కువ పెరిగి ఉంటుంది కదా అన్నాడు. సంతరోజున అందరూ గొంగళ్లతో చౌకీకి రావాలని చాటించాడు. పొడుగు గొంగడి ఎవరిదో మంద వాళ్లది పోతుంది.

నేనే చేశానని చెప్పాను. నవ్వులాటకు బూజు తెచ్చి గంజిలో కలిపానన్నాను. ఆయన నమ్మాడు కూడా. కానీ నాకు మంద లేదట. మంద లేనివాళ్లకు చట్టంలో శిక్ష రాయలేదట, కాబట్టి నా నేరం నేరం కిందికి రాదట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తప్పు ఒప్పుకుంటే అది కూడా చెల్లలేదు.

వదిన గొంగడి కత్తిరిద్దామని చూశాం. కత్తిరించిన అంచున తెల్లటి నూగు మొలిచింది, అప్పుడే పుట్టిన పిల్ల మాడు మీద జుట్టులా. ఎంత దూరం నుంచి చూసినా కత్తెర పడిందని తెలుస్తుంది. ఉప్పునీళ్లలో ముంచితే గుడ్డ చస్తుంది గాని పెరిగిన పొడుగు పోదు. కాల్చేస్తే గొంగడి ఏదని అడుగుతారు.

"ఇగ చేసేదేమున్నది. వాళ్లు కొంటవోయేటప్పుడు పట్వారీని మాత్రం మెడల తాడేసి గుంజొద్దని చెప్పు. దానికి కోపమొస్తది," అంది వదిన.

పట్వారీ ఆమె పెద్ద పొట్టేలు. ఎదుటివాడి చేతిలో ఏదున్నా లాక్కుంటుందని ఆ పేరు పెట్టింది.

8

అధికారికి పొద్దున జొన్న అంబలి పోసేది నేనే. తాగుతుంటే ఊరికే అడిగాను. చట్టంలో ఉన్ని అంటే ఏమిటని రాశారు సార్ అని.

ఆయనకు అడిగేవాళ్లంటే ఇష్టంలా ఉంది. చూడకుండానే అప్పజెప్పాడు. ఉన్ని అనగా మెట్టసీమలో పుట్టిన గొర్రె ఒంటిపై పెరిగి కత్తెరతో తీయబడినది.

అంతేనా అన్నాను. అంతే అన్నాడు. అది నల్లగా ఉండాలని, గరుకుగా ఉండాలని, వెంట్రుకై ఉండాలని రాయలేదా అన్నాను.

"ఎందుకు రాస్తారమ్మా. గొర్రె ఒంటి మీద ఉన్ని కాక ఇంకేం పెరుగుతుంది," అని నవ్వాడు.

నేను ఆయనకు ఇంకో గరిటె అంబలి పోశాను. అడగకుండానే మిరపకాయ కూడా పెట్టాను.

9

కత్తిరింపు అయిన కొత్త కాబట్టి మంద మొత్తం బోడిగా, వణుకుతూ ఉంది. వదిన దొడ్డికి గోరువెచ్చని గంజి కుండతో వెళ్లాను. గుడ్డను గొర్రె ఒంటి మీదే పెంచుదామని చెప్పగానే వదిన కట్టె అందుకుంది. చలికి తట్టుకోలేని గొర్రె మీద కాపరి తన గొంగడి కప్పడం మనవాళ్లకు కొత్త కాదు గదా, ఇప్పుడు చేసేది కూడా అదే, కింద కాస్త గంజి ఉంటుందంతే అన్నాను.  పట్వారీ తల తన ఒడిలోకి తీసుకుంది.

"దీనికేమన్నయితే కత్తెర దెచ్చి నిన్ను గొరుగుత."

సరే అన్నాను. పట్వారీ వీపుకు గంజి పట్టించాను. గొంగడి కుట్టు విప్పి, తెల్లటి వైపు కిందికి వచ్చేలా కప్పాం. అది మూతి తిప్పి ముందు గంజి నాకింది, తర్వాత నా కొంగు నమిలింది, ఆ తర్వాత పడుకుంది. వణుకు ఆగింది. వదిన చేయి దాని వీపు మీదే ఉంది.

మరుసటి రోజు గొంగడి తీస్తే వీపు మీద తెల్లటి నూగు. గోటితో పాయ తీసి కింది చర్మం చూశాను. గులాబీ రంగులో, వెచ్చగా, శుభ్రంగా ఉంది. పుండు లేదు, దద్దురు లేదు. వాసన చూశాను. జిడ్డు వాసన తగ్గింది. హుసేనప్ప చెప్పింది నిజమే, గుడ్డ ఆ జిడ్డుతో కడుపు నింపుకుంటోంది. గంజి అవసరం మొదట్లో ఆకలి పుట్టించడానికే. తర్వాత గొర్రే దాని వంటిల్లు.

మిగతా మందకు మేం ఏమీ చేయలేదు. చలికి గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి. పట్వారీకి ఆనుకున్నవాటికి మొదట వచ్చింది, వాటికి ఆనుకున్నవాటికి తర్వాత వచ్చింది. నల్లటి మంద మీద వెన్నెల పడినట్టుంది. మా ఊళ్లో వెన్నెల చూసినవాళ్లు ఎవరూ లేరు గాని, మా నాయనమ్మ అలాగే చెప్పేది.

10

సంత.

గొంగళ్లన్నీ చౌకీ ముందర నేలమీద వరసగా పరిచారు. చివరిదాకా చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. వదిన గొంగడి మిగతావాటికంటే మూరెడు ముందుకొచ్చి పడుకుంది, బడాయి పోతున్నట్టు. అధికారి దాని పక్కన కూర్చుని ఇది ఎవరిదని అడిగాడు.

వదిన ముందుకొచ్చింది. మెడ మీది కొంగు తీసేసింది. అలా చేయమని నేను చెప్పలేదు.

"నాది సారూ. నాకు ఉన్ని వడది. గందుకే మెత్తటిది పెట్టుకున్న."

"ఆ మెత్తటిది ఎక్కడిదమ్మా?"

 వదినకు అబద్ధం నోటికి రాదు. నేనే పట్వారీ మెడ తాడు పట్టుకుని మధ్యలోకి వచ్చాను. నల్లటి తల, నల్లటి కాళ్లు, నడుమ తెల్లటి మేఘం. ఎక్కడో ఒక పిల్లాడు చప్పట్లు కొట్టాడు. మొదటిదెక్కడిదో దేవుడికి తెలుసు సార్, ఇప్పుడు పెరిగేది మాత్రం ఇక్కడ అన్నాను. కత్తెర తీసి, ఆయన కళ్ల ముందే పిడికెడు కత్తిరించి చేతిలో పెట్టాను.

ఆయన దీపం వెలిగించాడు. అదే వాసన, వెంట్రుకా పుట్టగొడుగూ. గొర్రె మెట్టసీమదేనా అని అడిగాడు. దాని తల్లికీ, అమ్మమ్మకూ పురుడు పోసింది తనేనంది వదిన. ఇది గొర్రె ఒంటి మీద పెరిగిందా అని అడిగాడు. నేను పట్వారీని ఆయన వైపు తిప్పాను. ఆయనే మోకాళ్ల మీద కూర్చుని, పట్వారీ వీపు మీద అరచేయి పెట్టాడు. తెల్లటి నూగు ఆయన వేళ్ల మధ్య నుంచి మెల్లగా పైకి వచ్చింది. ఆయన చేయి తీయలేదు. చాలాసేపు తీయలేదు. నాకు ఆయన మీద అప్పుడు గౌరవం కలిగింది. చాలామంది చేయి వెనక్కి లాక్కుంటారు.

"చట్టం ప్రకారం ఇది ఉన్ని. గొంగడిలోది ఇది కాదని రుజువు లేదు," అన్నాడు లేచి. "నా ప్రకారం ఏమిటని మాత్రం నన్నడక్కండి."

మగ్గాల సంఘం పెద్ద అడ్డం పడ్డాడు. ఆ పిడికెడు ఆయన చేతిలో కూడా పెట్టాను. కదురు ఎక్కేలా ఉందో లేదో చూడమన్నాను. తొడ మీద వేసి పేనాడు. పోగు సాగింది. మళ్లీ పేనాడు. దీన్ని నేయాలంటే మగ్గం పలక మార్చాలని గొణుక్కున్నాడు. మగ్గం గురించి ఆలోచిస్తున్న మనిషికి తిట్టడానికి తీరదు.

మంద వదినతోపాటు ఇంటికి పోయింది.

11

వదిన మెడ మానుతోంది. కొత్త చర్మం వచ్చింది. ఇంత వయసులో మొదటిసారి గోక్కోకుండా నిద్రపోయానంది. తెల్ల గొంగళ్ల కోసం జనం రావడంతో మూడింట రెండు వంతుల మగ్గాలు మళ్లీ ఆడుతున్నాయి. పట్వారీ లావెక్కి ఇంకా పొగరెక్కింది.

నాకు మాత్రం ఇంకా తెలియనివి చాలా ఉన్నాయి. పుట్టబోయే పిల్లలకు ఇది తల్లి నుంచే వస్తుందా, ఆనుకున్నాకే వస్తుందా. కత్తిరిస్తే నొప్పి గొర్రెకా, గుడ్డకా, ఇద్దరికీ లేదా. ఎండ అనేది నిజంగా తిరిగి వస్తే ఇది ఏం చేస్తుంది. గిన్నెలో ముక్కను ఇప్పటికీ పెంచుతున్నాను. పొయ్యి ఊదుతుంటే ఆ గాలికి ఊగుతుంది. పేరు పెట్టలేదు. పెడితే వదినలాగా దాని తల్లిని కూడా తిట్టాల్సి వస్తుంది.

12

గడ్డి అయిపోయింది. ఇవాళ వదిన మందను తోలుకుని, మూట నెత్తిన పెట్టుకుని, దిగువకు దిగడానికి గుంజ దగ్గరికొచ్చింది. గుంజ లేవలేదు.

మృత్యుంజయం రాజధాని నుంచి కొత్త ఆజ్ఞ తెచ్చాడు. నా వైపు చూడకుండా చదివాడు. తెల్ల ఉన్ని మెట్టసీమ సంపద. తెల్ల ఉన్ని గొర్రె గాని, గొర్రెపిల్ల గాని, బొచ్చు గాని, దారం గాని, గొంగడి గాని ఎల్ల దాటి దిగువకు పోరాదు. దాటిస్తే మంద జప్తు.

నిన్నటిదాకా లోపలికి రాకూడదని వేసిన గుంజ. ఇవాళ బయటికి పోకూడదట. దిగువవాళ్ల దగ్గర గాబుల నిండా అదే ఉందని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. కానీ వాళ్ల గుడ్డ గాబులో పుడుతుంది, గొర్రెతో బతికేది మన దగ్గరే ఉంది. అది బయటికి పోతే మన మగ్గాలు మళ్లీ మూతపడతాయని రాజధాని భయం. భయం తప్పని నేననను. కోళ్లు గుంటల్లో పొదగడం నేనూ చూశాను.

"మంద నాదే గద సారూ," అంది వదిన.

"మీదేనమ్మా. కానీ ఇటే ఉండాలి."

"మరి గడ్డి ఇటొస్తదా?"

ఆయన కాగితం మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు. 

వదిన మూట దించి గుంజ పక్కనే కూర్చుంది. గొర్రెలు కొండ కింది పచ్చటి బీడు వైపు చూస్తూ నిలబడ్డాయి. వాటికి చట్టం చదవడం రాదు గాని గడ్డి వాసన తెలుసు. చౌకీలో ఉన్న ఎండు చొప్పంతా తెచ్చి వేశాను. ఒక పూటకు సరిపోయింది.

13

ఆజ్ఞను అధికారి దగ్గర అడిగి తీసుకుని నేనే చదివాను. రెండుసార్లు చదివాను. గొర్రె, గొర్రెపిల్ల, బొచ్చు, దారం, గొంగడి. రాజధానిలో కూర్చుని రాసేవాళ్లకు గొర్రె తప్ప వేరే జంతువు గుర్తుకు రాలేదు.

ఒకరి దగ్గరే ఉన్నదాన్నే తాళం వేసి దాచుకుంటారు. ఇద్దరి దగ్గరా ఉంటే దాచడానికేముంటుంది. అప్పుడు గుంజ లేవక తప్పదు, వదిన గొర్రెలు గడ్డి తినక తప్పదు. దిగువవాళ్లకు గొర్రెలు లేవు. గాడిదలు మాత్రం లెక్కకు మించి ఉన్నాయి. మగ్గాల సంగతా. మన గొంగడి నేత వాళ్లకు రాదు, గాడిదబొచ్చు తెచ్చి మన దగ్గరే నేయించుకోవాలి. సంఘం పెద్దకు ఇది తర్వాత తీరిగ్గా చెబుతాను, కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు.

హుసేనప్ప ఉప్పు దించాడు. ఉప్పు దీనికి పడదు కాబట్టి గాడిదల వీపులు వేడినీళ్లతో కడిగించాను. తుడిచి, గోరువెచ్చని గంజి పట్టించాను. గంజి ఎందుకని అడిగాడు. చలికి అన్నాను. అతను నా ముఖం చూశాడు, గొర్రెల వైపు చూశాడు, ఇంకో గాడిదను నా వైపు తిప్పాడు. వాళ్లమ్మను అడిగానని చెప్పమన్నాను.

గాడిదలను మంద మధ్యలోకి తోలాం. పట్వారీ మొదట కొమ్ములు దించింది. తర్వాత గంజి వాసన తగిలి దగ్గరికొచ్చి, ఒక గాడిద వీపు తనివితీరా నాకి, దానికి ఒళ్లు ఒరుసుకుంటూ నిలబడింది.

మధ్యాహ్నం గుంజ దగ్గర మృత్యుంజయం ఆపాడు. గాడిదల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒకదాని వెన్ను మీద, సరిగ్గా మెడ కింద, తెల్లటి చుక్క అంటుకుని ఉంది. దాని మీద వేలు పెట్టాడు. ఆ వేలు వైపు అది కాస్త జరిగింది. జేబులోంచి ఆజ్ఞ తీసి, వేలితో వరసగా మాటలు చూసుకుంటూ పోయాడు. చివరిదాకా పోయి ఆగాడు.

"గాడిద లేదు," అన్నాడు.

"లేదు సార్."

జమేదారును పిలవలేదు. తనే తాడు పట్టుకుని గుంజ పైకి లేపాడు.

గాడిదలు దిగువకు దిగిపోయాయి. వదిన లేచి వచ్చి నా పక్కన నిలబడింది. దారి మలుపు దాటేదాకా చూసింది.

"ఎన్నాళ్లు వడుతదే?"

"గాడిదలు ఎంత తిరిగితే గంత జల్ది వదినే."

"మరి గప్పటిదాంక ఇవేం దినాలె?"

లోపలికెళ్లి చింతగింజల సంచి విప్పాను. చూర్ణం కొట్టి చొప్పలో కలిపితే తింటాయో లేదో తెలియదు. ముందు పట్వారీకి పెట్టి చూడాలి. పొయ్యి రాజేశాను.